ఒకే జట్టుగా కనిపించే ఆరు సంక్రాంతి కార్డులు: స్టాంపు, డైతో ఇంట్లో చేసుకోవడం ఎలా

చేత్తో చేసిన కార్డు ఒక్కటే చూస్తే ముచ్చటగా ఉంటుంది. అలాంటివి ఆరు చేసి బల్ల మీద పక్కపక్కన పెట్టి చూడండి, చాలాసార్లు ఆరూ ఆరు దుకాణాల్లో కొన్నట్టు ఉంటాయి. ఒకదానికి గులాబీ రంగు, ఇంకోదానికి మెరుపులు, మూడోదాని మీద అక్షరాలు పైన, నాలుగోదాని మీద కింద. చెయ్యి తిరగకపోవడం వల్ల ఇలా అవదు, ఒక్కో కార్డునీ మొదటి నుంచి చివరిదాకా విడిగా చేయడం వల్ల అవుతుంది. కింద చెప్పే పద్ధతిలో ఆరూ ఒకేసారి మొదలై ఒకేసారి పూర్తవుతాయి: ముందు కాగితాలన్నీ కోయడం, తర్వాత అన్నిటి మీదా ముద్రలు, తర్వాత డైతో (కాగితాన్ని కావలసిన ఆకారంలో కోసే లోహపు అచ్చు) కోత, ఆఖరున గమ్. పైగా ఒక కార్డులోంచి కోసిన ముక్క పక్క కార్డులోకి వెళ్తుంది, దాని ముక్క దీనిలోకి వస్తుంది. అలా చేస్తే అవి జతగా కనిపించడానికి మీరు వేరే తంటాలు పడక్కర్లేదు.

సంక్రాంతిని ఎంచుకోవడానికి కారణం ఉంది. రంగుల కోసం ఎక్కడో వెతకనవసరం లేదు, వాకిట్లోనే ఉన్నాయి. కళ్ళాపి చల్లిన మట్టి గోధుమరంగు, దాని మీద ముగ్గు తెలుపు, గొబ్బెమ్మ మీద గుమ్మడిపువ్వు పసుపు, చెరుకాకు పచ్చ. ఈ నాలుగే. ఐదో రంగు ఎంత ఊరించినా పక్కన పెట్టేయండి, ముఖ్యంగా బంగారు గ్లిట్టర్.

కాగితం దగ్గర తొందరపడకండి

అడుగు కార్డుకి 250 నుంచి 300 జీఎస్‌ఎం (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాముల బరువుందో చెప్పే లెక్క) ఉండే, మెరవని తెల్ల అట్ట కావాలి. ఏ4 షీట్లు నాలుగు కొనండి. మూడు కార్డులకి, నాలుగోది అక్షరాల పట్టీలకి. మెరుపు పూత ఉన్న ఆర్ట్ కార్డు మాత్రం వద్దు, దాని మీద ఇంకు ఆరక చెయ్యి తగిలితే పాకిపోతుంది. పై అట్టలకి 200 నుంచి 220 జీఎస్‌ఎం చాలు: గోధుమరంగు క్రాఫ్ట్ అట్ట ఒకటి, పసుపు ఒకటి, ఆకుపచ్చ ఒకటి.

హైదరాబాద్‌లో ఉంటే పెళ్లి పత్రికలకి పేరుపడిన ఛత్తా బజార్ వైపు ఒకసారి వెళ్లండి, మిగతా ఊళ్లలో ఏ ప్రింటింగ్ ప్రెస్‌లో అడిగినా విడి షీట్లు దొరికే అవకాశం ఉంటుంది. ఎక్కడ కొన్నా ఒక రంగు మొత్తం ఒకే రోజు, ఒకే కట్టలోంచి తీసుకోండి. నేనొకసారి పసుపు షీటు చాలక వారం తర్వాత మళ్లీ వెళ్లి అదే పేరు చెప్పి తెచ్చాను. ట్యూబులైటు కింద బాగానే కలిసింది కానీ, పొద్దున ఎండలో చూస్తే ఒకటి నిమ్మపండు, ఒకటి మామిడిపండు. అప్పటికే నాలుగు కార్డులు అతికించేశాను, అవన్నీ మళ్లీ చేయాల్సి వచ్చింది.

కొలతలు ఇవి. ఏ4 షీటు 210 బై 297 మిల్లీమీటర్లు. పొడవును సగానికి, అంటే 148.5 దగ్గర కోస్తే రెండు ముక్కలు వస్తాయి, ఒక్కో ముక్కని 105 దగ్గర మడిస్తే ఒక కార్డు. మూడు షీట్లకి ఆరు కార్డులు, వృథా ఏమీ ఉండదు. పై అట్టలు 95 బై 138 కోసుకోండి, చుట్టూ 5 మిల్లీమీటర్ల తెల్ల అంచు కనబడుతుంది. ఈ కొలతలో ఒక్కో రంగు షీటు నుంచి నాలుగు ముక్కలు వస్తాయి, మీకు కావాల్సింది రంగుకి రెండే. మిగిలిన రెండూ చిన్న ముక్కలకి, పొరపాట్లకి. ఈ మిగులు ఉందన్న ధైర్యంతోనే చేయి స్థిరంగా ఆడుతుంది కాబట్టి దీంట్లో పొదుపు చేయకండి.

మడిచే ముందు గీత వేయడం తప్పనిసరి. ప్రెస్ వాళ్లు క్రీజింగ్ అనేది ఇదే. ఇంట్లో అయితే స్టీలు స్కేలు పెట్టి, ఇంకు అయిపోయిన బాల్‌పెన్నుతో గట్టిగా ఒక గీత లాగండి, తర్వాత ఆ గీత మీద మడిచి చెంచా వెనకవైపుతో రుద్దండి. మడత దగ్గర అట్ట పగిలి పీచు లేస్తోందంటే కాగితం నారకి అడ్డంగా మడుస్తున్నారన్నమాట. షీటుని నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి మెల్లిగా వంచి చూస్తే ఎటు సులువుగా వంగుతుందో తెలుస్తుంది, మడత అటే రావాలి.

స్టాంపులు: రెండు చాలు

ఒకటి ముగ్గు, ఒకటి అక్షరాలు. ముగ్గు స్టాంపు దాదాపు 50 మిల్లీమీటర్లు ఉంటే ఈ కార్డుకి సరిపోతుంది. పారదర్శకంగా ఉండే క్లియర్ స్టాంపుల్లో ముగ్గుల డిజైన్లు దొరుకుతాయి, పెడన నుంచి తెచ్చిన కలంకారీ టేకు అచ్చు మీ ఇంట్లో ఉంటే ఇంకా మంచిది. అది కూడా లేకపోతే పెద్ద రబ్బరు మీద మీరే చెక్కుకోవచ్చు. ఐదు చుక్కలు, సందు చుక్క మూడు వచ్చేదాకా పెట్టి వేసే చిన్న ముగ్గు రబ్బరు మీద బాగా వస్తుంది, అంతకంటే పెద్దదైతే గీతలు మరీ సన్నబడి తెగిపోతాయి.

తెలుగు అక్షరాల స్టాంపే అసలు సమస్య. క్రాఫ్ట్ దుకాణాల్లో ఇంగ్లిషు శుభాకాంక్షలు బోలెడు, తెలుగువి చాలా తక్కువ. దీనికి మంచి దారి ఆఫీసు సీళ్లు తయారుచేసే రబ్బరు స్టాంపుల షాపు. తెల్ల కాగితం మీద నల్ల పెన్నుతో మీ చేతిరాతలోనే 'సంక్రాంతి శుభాకాంక్షలు' అని రాసి ఇవ్వండి, ఆ రాతతోనే చేసిస్తారు. రాసేటప్పుడు మూడు విషయాలు చూసుకోండి. గీత మందం ఒక మిల్లీమీటరుకి తగ్గకూడదు. 'క్రా'లో వత్తు పై అక్షరానికి అతుక్కోకుండా కాస్త దూరంగా ఉండాలి. 'భా'లోనూ, 'క్ష'లోనూ లోపలి ఖాళీలు విశాలంగా ఉంచాలి, లేకపోతే అక్కడ ఇంకు నిండి ముద్ద అవుతుంది. మొత్తం పొడవు 70 మిల్లీమీటర్లు దాటనివ్వకండి. అచ్చు ఫాంటు కంటే అమ్మ చేతిరాతో, అమ్మమ్మ చేతిరాతో అయితే ఆ కార్డు అందుకున్నవాళ్లు ఇట్టే పోల్చుకుంటారు, నాకు అదే ఇష్టం. మీరే రబ్బరు మీద చెక్కేట్టయితే అక్షరాలు అద్దంలోలా తిరగబడి ఉండాలి. ట్రేసింగ్ పేపరు మీద మెత్తటి పెన్సిలుతో మామూలుగా రాసి, దాన్ని రబ్బరు మీద బోర్లించి గోటితో రుద్దితే తిరగబడిన రాత అదే దిగుతుంది.

వీటితో పాటు మూడో ముద్ర ఒకటుంది, దానికి డబ్బు పెట్టక్కర్లేదు. పెన్సిలు వెనకాల ఉండే రబ్బరు. దానితో గుండ్రటి చుక్కలు పడతాయి, ముగ్గు చుక్కల్లాగే.

ముద్ర వేయడం

కొత్త క్లియర్ స్టాంపు మీద కంటికి కనబడని జిడ్డు పొర ఉంటుంది, ఇంకు చుక్కలు చుక్కలుగా విడిపోతుంది. తెల్ల రబ్బరుతో దాని ముఖాన్ని ఓసారి మెల్లిగా రుద్దేయండి. తర్వాత అక్రిలిక్ బ్లాకుకి, అంటే స్టాంపుని పట్టుకోవడానికి వాడే పారదర్శకమైన దిమ్మకి, అంటించి, స్టాంపుని పైకి తిప్పి పట్టుకుని, ఇంక్ ప్యాడునే దాని మీద చిన్నగా తట్టండి. స్టాంపుని ప్యాడులో అదిమితే అంచులకి కూడా ఇంకు అంటుకుని కార్డు మీద మరకలు పడతాయి. కాగితం కింద నాలుగు మడతల వార్తాపత్రిక వేసుకోండి. పెడనలో అచ్చులు అద్దే బల్లల మీద మెత్తగా పరుపులా వేసుకునేది ఇందుకే, కింద కాస్త మెత్తన ఉంటే అచ్చులో ప్రతి గీతా కాగితాన్ని తాకుతుంది. చెక్క అచ్చయితే ఇంకా మందంగా, పాత దుప్పటి మడిచి వేయండి. నిటారుగా దించి, అరచేత్తో సమంగా ఒత్తి, అటూఇటూ కదపకుండా నిటారుగా ఎత్తేయండి.

ఇప్పుడు ఆరు అట్టల మీద ఏమేం పడాలో చూద్దాం. మొదటి గోధుమరంగు అట్ట మీద తెల్ల ముగ్గు. మొదటి పసుపు అట్ట మీద అదే చోట, అదే ముగ్గు, గోధుమరంగు ఇంకుతో. రెండో గోధుమరంగు అట్ట మీదా, రెండో ఆకుపచ్చ అట్ట మీదా పెన్సిలు రబ్బరుతో చుక్కలు, కాగితం రంగు ఇంకుతోనే, అంటే పచ్చ మీద పచ్చ. దూరానికి కనపడీ కనపడనట్టు ఉంటాయి, అదే బాగుంటుంది. మిగతా రెండు, ఒక పసుపు, ఒక ఆకుపచ్చ, ఖాళీగా వదిలేయండి. తెల్ల అట్టలో 15 బై 80 పట్టీలు ఆరు కాదు, పది కోసి అన్నిటి మీదా గోధుమరంగు ఇంకుతో అక్షరాలు వేయండి. పదిలో మంచివి ఆరు ఏరుకుంటారు.

తెల్ల ముగ్గు గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఈ సెట్ మొత్తానికి ప్రాణం అదే. తెల్ల ఇంకు ముదురు కాగితం మీద మామూలుగా వేస్తే ఆరేసరికి వెలిసిపోయినట్టు అవుతుంది. ముగ్గుపిండిలా ఉబ్బెత్తుగా, తెల్లగా రావాలంటే ఎంబాసింగ్ పౌడరు, అంటే వేడికి కరిగి ఉబ్బెత్తుగా గట్టిపడే పొడి, వాడాలి. వరస ఇది: ముందు కాగితం మీద టాల్కం పౌడరు మూటతో తేలిగ్గా అద్దండి, చేతి తేమ ఉన్నచోట ఎంబాసింగ్ పౌడరు అంటుకోకుండా ఉంటుంది. కోస్తా వైపు గాలిలో తేమ ఎక్కువ కాబట్టి అక్కడివాళ్లు ఇది అస్సలు మానకండి. తర్వాత మెల్లగా ఆరే ఎంబాసింగ్ ఇంకుతో ముగ్గు ముద్ర వేయండి, త్వరగా ఆరే మామూలు స్టాంపు ఇంకు అయితే పౌడరు పోసేలోపే ఆరిపోతుంది. వెంటనే తెల్ల పౌడరు ధారాళంగా పోసి, కింద పెట్టిన కాగితం మీదకి దులిపి, మిగిలింది మళ్లీ డబ్బాలో పోసేయండి. గీతల మధ్య మిగిలిన రేణువుల్ని పొడి కుంచెతో తీసేయాలి, ఒక్క రేణువు ఉన్నా కరిగాక తెల్ల మచ్చగా ఉండిపోతుంది. ఇదంతా అయ్యేదాకా ఫ్యాన్ ఆపేసి ఉంచండి.

ఇప్పుడు హీట్ గన్, అంటే బాగా వేడి గాలి వదిలే పరికరం. దాన్ని పక్కకి పెట్టి పది సెకన్లు వేడెక్కనిచ్చి, అప్పుడు కాగితం వైపు తిప్పండి. గరుకుగా ఉన్న పౌడరు ఒక్కసారిగా నున్నగా మారి మెరుస్తుంది, అలా మారిన చోటు నుంచి వెంటనే పక్కకి జరపండి. ఎక్కువసేపు పెడితే పౌడరు కాగితంలోకి ఇంకిపోయి ముగ్గు పల్చబడుతుంది, అట్ట వంకర తిరుగుతుంది. హెయిర్ డ్రయ్యరుతో అయిపోతుందని కొందరు చెబుతారు, అవదు. దానికి అంత వేడి ఉండదు, గాలి మాత్రం పౌడరుని ఊదేస్తుంది. చల్లారాక అట్టని లావు పుస్తకం కింద ఒక గంట పెట్టండి.

డై కటింగ్

రెండు డైలు కావాలి: 65 మిల్లీమీటర్ల గుండ్రం ఒకటి, గాలిపటం ఒకటి. గాలిపటం చిన్నా పెద్దా కలిసి ఒకదానిలో ఒకటి ఇమిడే సెట్ దొరికితే తీసుకోండి, పెద్దది 60 మిల్లీమీటర్ల పొడవు ఉంటే చాలు. ఆన్‌లైన్‌లో కొంటే ఫోటో చూసి కాదు, కొలత చదివి కొనండి. నేను ఫోటో చూసి పెట్టిన మొదటి ఆర్డరులో వచ్చిన గాలిపటం బొటనవేలి గోరంత ఉంది.

చేత్తో తిప్పే చిన్న రోలర్ మెషిన్ ఈ పనికి సరిపోతుంది. చాలా మెషిన్లలో వరస ఒకటే, కింద ప్లేటు, దాని మీద డై పదును పైకి ఉండేలా, దాని మీద కాగితం, పైన ఇంకో ప్లేటు. మీ మెషిన్‌తో వచ్చిన పుస్తకంలో వేరే వరస ఉంటే దాన్నే పాటించండి. ముందు పనికిరాని ముక్క మీద పరీక్షించాలి. సరిగా తెగకపోతే ఒక మామూలు కాగితం అదనంగా పెడితే ఒత్తిడి పెరుగుతుంది. హ్యాండిల్ బిగుసుకుపోతే మాత్రం బలం పెట్టకండి, వెనక్కి తిప్పి ఒక పొర తీసేయండి. ప్లేట్లు పటపటమంటాయి, దానికి టెన్షన్ పడక్కర్లేదు. ప్రతి రెండు మూడు కోతలకి ప్లేటుని తిరగేస్తూ ఉండండి, లేకపోతే ఒకే వైపు వంగిపోతుంది. ముక్క డైలో ఇరుక్కుంటుంటే మధ్యలో బటర్ పేపరు పెట్టండి, ఊడి వచ్చేస్తుంది.

ఇక్కడ అసలు కిటుకు ఒక నమూనా అట్ట. పాత క్యాలెండరు అట్టని సరిగ్గా 95 బై 138 కోసి, గుండ్రం డైని పై అంచుకీ, రెండు పక్కలకీ 15 మిల్లీమీటర్ల దూరంలో పెట్టి ఒక రంధ్రం చేయండి. ఇంకో అట్టలో గాలిపటాన్ని మీకు నచ్చిన ఏటవాలులో కోయండి. ఇకమీదట ప్రతి అట్ట మీదా ఈ నమూనా పెట్టి, రంధ్రంలో డైని కూర్చోబెట్టి, నమూనా తీసేసి, డైని రెండు చోట్ల పేపర్ టేపుతో అంటిస్తే కోసే ప్రతి అట్టలోనూ ఒకే చోట తెగుతుంది. ముగ్గు ముద్ర వేసేటప్పుడు కూడా ఇదే నమూనా పెట్టుకుని రంధ్రం నడుమ వేయాలి, కాబట్టి నిజానికి దీన్ని ముద్రల కంటే ముందే చేసి ఉంచుకోండి. ముద్ర ఒక వెంట్రుకవాసి పక్కకి పడినా ఫరవాలేదు, డై మధ్యలోంచి ముగ్గు కనపడుతుంది కాబట్టి టేపు వేసే ముందు సర్దుకోవచ్చు. అందుకే ముందు ముద్ర, తర్వాత కోత. కోసిన గుండ్రం మీద సరిగ్గా మధ్యలో ముద్ర వేయడం చాలా కష్టం.

తెల్ల ముగ్గున్న గోధుమరంగు అట్టనీ, గోధుమ ముగ్గున్న పసుపు అట్టనీ గుండ్రం డైతో కోయండి. ఇప్పుడు రెండు గుండ్రాలనీ మార్చేయండి. గోధుమరంగు అట్ట రంధ్రంలో పసుపు ముగ్గు, పసుపు అట్ట రంధ్రంలో వాకిలి లాంటి తెల్ల ముగ్గు. ఒకే డైతో కోసినవి కాబట్టి అతుకు దాదాపు కనపడనంత బిగువుగా కూర్చుంటాయి. ఖాళీగా వదిలిన పసుపు, ఆకుపచ్చ అట్టలకి గాలిపటం డైతో ఇదే పని. చుక్కలేసిన మిగతా రెండింటికి రంధ్రాలు వద్దు, మిగులు ముక్కల్లోంచి చిన్న గాలిపటాలు మూడేసి కోసి పెట్టుకోండి, కార్డులోని అట్ట రంగు కాకుండా మిగతా రెండు రంగుల్లో.

మెషిన్ లేనివాళ్లు పాల గిన్నె మూతతో గుండ్రం గీసి, పదునైన కట్టరుతో రెండు అట్టలూ కలిపి ఒకేసారి కోయొచ్చు. గాలిపటం ఎలాగూ నాలుగు తిన్నని గీతలే, స్కేలుతో వచ్చేస్తుంది.

అతికించే ముందు

ఆరు అడుగు కార్డులూ వరసగా పరచి, గమ్ లేకుండా అన్నీ వాటి వాటి చోట్ల పెట్టి చూడండి. ఫోన్‌తో ఫోటో తీసి బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చితే ఏ కార్డు మరీ ముదురుగా ఉందో, ఏది తేలిపోతోందో తెలిసిపోతుంది. అక్షరాల పట్టీ ఆరింటిలోనూ పై అట్ట కింది అంచు నుంచి 20 మిల్లీమీటర్ల ఎత్తులో ఉండాలి. రంగుల కంటే కూడా ఈ ఒక్క గీత కలవడమే ఆరింటినీ ఒక సెట్ చేస్తుంది, కాబట్టి ఇక్కడ కళ్లతో అంచనా వేయకుండా స్కేలు వాడండి.

పై అట్టలకి డబుల్ సైడ్ టేపు, లేదా ఫెవికాల్ చాలా పల్చగా అంచుల దాకా. ఎక్కువైతే తడికి అట్ట ముడతలు పడుతుంది. ముందు రంధ్రం ఉన్న అట్టని అడుగు కార్డుకి అతికించి, ఆ తర్వాత రంధ్రంలో మార్చిన ముక్కని దించండి, గమ్ ఆరేలోపు వేలితో సర్దుకునే వీలుంటుంది. పెద్ద గాలిపటం కింద నుంచి పట్టీ వెనక్కి ఒక నూలు దారం వదులుగా వేసి, రెండు చివరలూ కనపడకుండా లోపలే అంటించండి. చిన్న గాలిపటాలకి ఫోమ్ టేపు ముక్కలు వేస్తే కాస్త పైకి లేచి ఎగురుతున్నట్టుంటాయి. గమ్ చిన్న ముక్కలకి అగ్గిపుల్ల కొనతో పెట్టండి. అన్నీ అయ్యాక, ఫోమ్ లేనివాటిని రాత్రంతా పుస్తకాల కింద ఉంచండి.

లోపల ఎడమ పుట మీద మూలలో మూడు చుక్కలు, కవరు మూత మీద మూడు చుక్కలు, అంతే. రాయాల్సింది చేత్తో రాయండి, అచ్చు వేయకండి.

కవరు కొలత 114 బై 162 ఉండాలి, ఈ కార్డు అందులో హాయిగా పడుతుంది. పండగ జనవరి 14నో 15నో వస్తుంది కాబట్టి జనవరి మొదటి రోజుల్లోనే పోస్టు చేసేయండి, విదేశాలకైతే డిసెంబరు మొదట్లోనే. తపాలా ఉత్తరానికి మొదటి శ్లాబు 20 గ్రాములు. ఈ కార్డు కవరుతో కలిపి లెక్కవేస్తే 17, 18 గ్రాముల దాకా వస్తుంది, ఫోమ్ వేసినవి దాటినా దాటొచ్చు. వంటింటి త్రాసు మీద ఒక్కోటీ తూచి, 20 దాటిన వాటిని పోస్టాఫీసు కౌంటరులో ఇచ్చి సరిపడా స్టాంపులు అంటించండి, లేకపోతే అందుకునేవాళ్లు డబ్బు కట్టాల్సి రావొచ్చు. ఫోమ్ ఉన్న కవర్ల మీద తపాలా ముద్ర చేత్తో వేయమని కౌంటరులోనే అడగండి.